ఊరును లేపేసి కట్టించిన ఇల్లు
(కెడిల్‌స్టన్ హాల్ నిర్మాణం మీద ఒక దళిత పరిశీలన)

1

ఇంగ్లండు పల్లెల్లో వున్న పాత రాతి భవనాల గురించి రాసిన పుస్తకాలు ఏవి తిరగేసినా ఒకే రకం వాక్యం తగులుతుంది. ఫలానా ప్రభువు ఫలానా ఏడు ఈ ఇల్లు కట్టాడు, ఫలానా వాస్తుశిల్పి దీన్ని రూపొందించాడు, ఫలానా శతాబ్దపు శైలికి ఇది మచ్చుతునక. ఇంగ్లీషులో ఆ వాక్యం నిండుగానే వినపడుతుంది. తెలుగులోకి తెచ్చి చూస్తే దాని లొసుగు బయటపడుతుంది. మన జనం ఏ ప్రభువూ ఇల్లు 'కట్టాడు' అనరు. 'కట్టించాడు' అంటారు. చార్మినార్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. చెరువు రెడ్డిరాజు తవ్వించాడు. ఆ 'ఇంచు'లో ఇంకొకరు వున్నారు. రాయి కొట్టినవాడు, సున్నం నూరినవాడు, తట్ట మోసిన మనిషి ఆ ఒక్క అక్షరంలో ఇరుక్కుని వున్నారు. పేరు లేదు, ఊరు లేదు, కానీ వున్నారు. మా అమ్మ తాపీమేస్త్రీల కింద ఇసుక తట్ట మోసింది. ఏ ఇంటి గృహప్రవేశానికీ ఆమెను పిలిచింది లేదు. అందుకే ఆ 'ఇంచు' నాకు ఉత్త వ్యాకరణంగా అనిపించదు.

ఆ 'ఇంచు'లో ఇరుక్కున్నవాళ్లను బయటికి తీసి ఒక ఇంటిని చదవడం ఈ వ్యాసం పని. ఆ ఇల్లు ఇంగ్లండులో డెర్బీ పట్టణానికి కొద్ది మైళ్ల దూరంలో వున్న కెడిల్‌స్టన్ హాల్. ఎక్కడో ఇంగ్లండు దొర ఇంటితో తెలుగు దళితులకు ఏం పని అని అడిగేవాళ్లుంటారు. పని వుంది. ఆ ఇంటి నమూనా కలకత్తాకు వచ్చింది. అదే వంశపు, అదే తరగతి భవనం హైదరాబాదులో కోఠీ నడిబొడ్డున నిలబడి వుంది. ఆ ఇంట్లో పుట్టినవాడు ఈ దేశానికి వైస్రాయి అయ్యాడు. ఆయన ఏలుబడిలోనే మన కులాలను మెట్లమెట్లుగా పేర్చి లెక్క రాశారు. కాబట్టి ఆ ఇల్లు మనకు పరాయిది కాదు.

2

ముందు ఇంటి సంగతి. కర్జన్ వంశం కెడిల్‌స్టన్ భూముల్ని దాదాపు ఎనిమిది వందల ఏళ్లుగా పట్టుకుని వుంది. ఆ వంశానికి ఒక నినాదం వుంది. కర్జన్లు పట్టినది కర్జన్లే పట్టివుండాలి అని దాని అర్థం. ఇంత నిజాయితీ అయిన నినాదం మన భూస్వాముల్లో ఒక్కడికీ లేదు. మనవాళ్లు ధర్మం అంటారు, ఆచారం అంటారు, గ్రామ పెద్దరికం అంటారు. కర్జన్లు ఉన్నదున్నట్టు చెప్పి రాతి మీద చెక్కుకున్నారు.

1758లో తండ్రి ఆస్తి చేతికొచ్చిన నెతానియల్ కర్జన్ అప్పటిదాకా వున్న ఇటుక ఇంటిని పడగొట్టించి, 1759 ప్రాంతంలో కొత్త భవనం మొదలుపెట్టించాడు. ఇతను 1761లో స్కార్స్‌డేల్ ప్రభువు అయ్యాడు. మాథ్యూ బ్రెటింగ్‌హామ్, జేమ్స్ పెయిన్, రాబర్ట్ ఆడమ్ అని ముగ్గురు వాస్తుశిల్పులు ఒకరి తర్వాత ఒకరు పనిచేశారు. చివరికి పేరు దక్కింది ఆడమ్‌కు. నమూనా ఇటలీ నుంచి వచ్చింది. 16వ శతాబ్దపు వాస్తుశిల్పి పల్లాడియో గీసిన ఒక విల్లా పటం దానికి ఆధారం. నడుమ ఒక పెద్ద దిమ్మ లాంటి భవనం, దానికి నాలుగు మూలలా నాలుగు చిన్న భవనాలు, నడుమదానికీ వాటికీ మధ్య వంపు తిరిగిన నడవాలు. నాలుగింటిలో రెండే కట్టించారు. మిగతా రెండూ కాగితం మీదే వుండిపోయాయి.

ఉత్తరపు ముఖం మీద ఆరు కోరింథియన్ స్తంభాల మండపం. దక్షిణపు ముఖం రోములోని కాన్‌స్టంటీన్ విజయతోరణాన్ని చూసి ఆడమ్ గీసినది. లోపలికి అడుగుపెడితే పాలరాతి హాలు. 67 అడుగుల పొడవు, 42 అడుగుల వెడల్పు, 40 అడుగుల ఎత్తు. అందులో గీతలు తేలిన అలబాస్టర్ రాతి స్తంభాలు 20, ఒక్కొక్కటి 25 అడుగులు. పక్క గోడలకు కిటికీలు లేవు. వెలుతురు పైకప్పు నుంచి పడుతుంది. దాని వెనక గుండ్రటి సెలూన్. రోములోని పాంథియాన్ గుడిని తలచుకుని 62 అడుగుల ఎత్తున గుమ్మటం లేపించిన గది.

దీన్ని అందం కాదు అనడానికి నేను సిద్ధంగా లేను. అందమైనదే. పైనుంచి పడే వెలుతురు ఆ రాతి గీతల మీద జారే తీరు పటాల్లో చూసినా కన్ను ఆగుతుంది. మన విమర్శకుల్లో కొందరికి ఒక అలవాటుంది. దోపిడీ సొమ్ముతో కట్టింది కాబట్టి అందులో కళ లేదు అని తేల్చేస్తారు. అది సులువైన దారి. కళ వుంది, ఆ కళ ఒక పని చేస్తోంది అన్నది నా వాదం. ఏం పని అన్నది చూడాలి.

ఈ హాలులో ఎవరూ బతకలేదు. ఆశ్చర్యమేమిటంటే ఈ నడుమ భవనం కాపురానికి కట్టించినది కాదు. అతిథులకు చూపించడానికి, బొమ్మలూ శిల్పాలూ పెట్టడానికి కట్టించినది. యజమాని కుటుంబం ఒక పక్కనున్న చిన్న భవనంలో వుండేది. రెండో పక్కనున్న చిన్న భవనంలో వంటశాల, పనివాళ్లు. అంటే బొమ్మ ఇలా వుంది: ఒక పక్క తినేవాళ్లు, ఒక పక్క వండేవాళ్లు, నడుమ ఎవరూ వుండని గొప్పతనం. వండేవాళ్లనూ తినేవాళ్లనూ విడదీయడానికి అంత రాయి కావలసి వచ్చింది.

3

మన ఊళ్లలో అగ్రకులాల ఇల్లు ఎట్లా చదవాలో దళితులకు చిన్నప్పుడే తెలుస్తుంది. పటం అక్కర్లేదు. వీధి దాకా ఎవరు రావచ్చు, అరుగు దాకా ఎవరు, పెరటి దారిన ఎవరు, దొడ్డిగోడ బయట ఎవరు నిలబడాలి. మనకు ఇల్లంటే ముందు హద్దులు, తర్వాతే గోడలు. ఈ చదువుతో కెడిల్‌స్టన్‌ను చూస్తే వాస్తు పుస్తకాల్లో కనపడనివి కనపడతాయి.

మొదటిది ఊరు. ఈ భవనం నిలబడివున్న చోట కెడిల్‌స్టన్ అనే పాత ఊరు వుండేది. మధ్యయుగాల నుంచి వున్న ఊరు. దొరగారి కిటికీలోంచి చూస్తే పచ్చిక, నీళ్లు, చెట్లు కనపడాలి గానీ గుడిసెలూ పొగలూ కనపడగూడదు. అందుకని ఊరిని లేపి దూరంగా పెట్టించారు. దారినపోయే బండ్లు కంటపడకుండా రాదారిని కూడా పక్కకు మళ్లించారు. ఆడమ్ వచ్చి వాగును సరస్సుగా మార్చే పని, దాని మీద వంతెన, చేపలు పట్టుకునే విడిది గీశాడు. నిజానికి ఆడమ్‌కు మొదట అప్పగించినది ఈ తోట పనే. ఇల్లు తర్వాత చేతికొచ్చింది.

ఊరు పోయింది గానీ ఒక్కటి మిగిలింది. చర్చి. 12వ శతాబ్దంనాటి ఆ రాతి చర్చి ఇప్పటికీ భవనాన్ని ఆనుకునే వుంది. ఎందుకు మిగిలింది? అందులో కర్జన్ల సమాధులున్నాయి. చచ్చిపోయిన కర్జన్లకు చోటు దొరికింది, బతికున్న ఊరివాళ్లకు దొరకలేదు. ఈ ఒక్క వివరం చాలు ఈ ఇంటిని అర్థం చేసుకోవడానికి. కానీ పుస్తకాల్లో ఇది 'ఇంటి పక్కన ముచ్చటైన ప్రాచీన చర్చి' అన్న మాటగా మారిపోతుంది.

ఇది కెడిల్‌స్టన్ ఒక్కదాని కథ కాదు. 18వ శతాబ్దంలో న్యూన్‌హామ్ కోర్టనే, మిల్టన్ ఆబాస్, హేర్‌వుడ్ లాంటి చోట్ల కూడా ప్రభువుల చూపుకు అడ్డమని ఊళ్లను కదిలించారు. కొన్నిచోట్ల గేటు బయట వరసగా, ఒకే తీరున కొత్త ఇళ్లు కట్టించి ఇచ్చారు. వాటిని ఇప్పుడు 'ఆదర్శ గ్రామాలు' అని మెచ్చుకుంటారు. మనకు ఈ మాట కొత్త కాదు. ఏ పథకం కిందనైనా దళితులకు ఊరికి దూరంగా కాలనీ కట్టి దానికి 'ఆదర్శ' అని పేరు పెట్టడం మనం చూస్తూనే వున్నాం.

ఇలాంటి పార్కుల్లో ఇంకో తమాషా వుంది. 'హాహా' అంటారు. ఇంటి ముందున్న పచ్చికకూ ఆవులూ గొర్రెలూ మేసే బీడుకూ మధ్య గోడ కట్టరు. లోతుగా ఒక కందకం తవ్వించి గోడను దాని లోపల దాచేస్తారు. ఇంట్లోంచి చూసేవాడికి పచ్చిక ఎక్కడా తెగకుండా ఆకాశం దాకా పోయినట్టే వుంటుంది. అవతలినుంచి వచ్చినదానికి మాత్రం గోడ తగులుతుంది. పైనున్నవాడికి కనపడనిది, కిందున్నవాడికి తగిలేది. హద్దు అంటే అసలు ఇదే. మన అగ్రకుల మేధావులు 'ఇప్పుడు కులం ఎక్కడుందయ్యా' అని నిజంగానే ఆశ్చర్యపోతూ అడుగుతారే, వాళ్లు అబద్ధం చెప్పడంలేదు. వాళ్లు హాహాకు ఇంటివైపున నిలబడి వున్నారు.

ఇక్కడ ఒక తేడాను కూడా నిక్కచ్చిగా చెప్పుకోవాలి. డాక్టర్ అంబేద్కర్ 1948లో తెచ్చిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో అంటరానివాళ్లు ఊరి బయటే ఎందుకు వుంటున్నారన్న ప్రశ్నను కేంద్రంగా పెట్టుకున్నాడు. కెడిల్‌స్టన్‌లో మొత్తం ఊరే బయటికి పోయింది. అక్కడి రైతూ కమ్మరీ కూలీ ఒకే బండిలో కదిలారు. బయటికి పోయిన ఆ ఊరికి మళ్లీ వెలివాడ లేదు. డెర్బీలో మిల్లులొచ్చినప్పుడు ఆ కూలీ కొడుకు మిల్లులో చేరితే, అతని నాయన ఏ వృత్తి చేశాడో నీళ్ల దగ్గర ఎవరూ అడగలేదు. వర్గం మనిషిని భూమి మీంచి లేపేస్తుంది. కులం మనిషి ఎక్కడికి పోయినా వెంట వస్తుంది. ఈ రెంటినీ ఒకటి చేసి 'అక్కడా పేదలే ఇక్కడా పేదలే' అని మార్క్సిస్టు మిత్రులు సర్దిచెబితే ఒప్పుకోలేం. అట్లని ఆ ఊరివాళ్ల పోకడ మనకు పట్టదనీ అనలేం. వాళ్లను లేపేసిన చూపూ మనల్ని ఊరి బయట పెట్టిన చూపూ ఒక తల్లి బిడ్డలు కాకపోయినా, ఒకరి భాష ఒకరికి బాగా తెలిసినవే. ఆ రెండూ ఈ దేశంలో కలుసుకున్నప్పుడు ఏమైందో ముందు చూస్తాం.

4

రెండోది వంటశాల. కెడిల్‌స్టన్ వంటశాల పొయ్యి మీద పెద్ద అక్షరాలతో ఒక మాట చెక్కి వుంది. వృథా చేయకు, లోటు వుండదు అని దాని భావం. పాలరాతి హాలులో ఈ మాట లేదు. సెలూన్‌లో లేదు. ఎవరూ వుండని ఇంటికోసం 20 అలబాస్టర్ స్తంభాలు నిలబెట్టించిన మనిషి, పొదుపు పాఠం చెక్కించినది వంటవాళ్ల నెత్తిమీద. మన దొరలు కూడా దానధర్మాల గురించి పురాణం చెప్పించేది కూలి కొలిచే రోజునే గదా.

1777లో పేరుమోసిన రచయిత శామ్యూల్ జాన్సన్ తన మిత్రుడు బాస్వెల్‌తో కలిసి ఈ ఇల్లు చూడ్డానికి వచ్చాడు. బాస్వెల్ పరవశించిపోయి ఇదంతా సొంతమైనవాడు ఎంత సుఖంగా వుంటాడో అన్నట్టు మాట్లాడితే, ఇదంతా కలిసి అడ్డుకునేది ఒక్క కష్టాన్ని, పేదరికాన్ని మాత్రమే అని జాన్సన్ జవాబిచ్చాడు. దీన్ని గొప్ప వేదాంతంగా చెప్పుకుంటారు. పేదరికం 'ఒక్క కష్టం మాత్రమే' అనగలిగినవాడు ఎవరు? జాన్సన్ తన యవ్వనంలో పేదరికం చూసినవాడే. అయినా ఆ హాలులో నిలబడేసరికి అది చిన్నదిగా కనపడింది. నేను పైన అన్న 'కళ చేసే పని' అంటే ఇదే. ఆ ఎత్తూ ఆ వెలుతురూ చూసేవాణ్ణి కాసేపు యజమాని కళ్లతో చూసేట్టు చేస్తాయి. మనం ఏ పెద్ద భవనంలోకి పోయినా జరిగేది ఇదే. తలెత్తి చూస్తాం. తలెత్తినప్పుడు కాలికింద ఎవరున్నారో కనపడదు.

ఆ రోజుల్లో వచ్చినవాళ్లకు ఇల్లు తిప్పి చూపించినది ఇంటి పెత్తనం చూసే పనిమనిషి మిసెస్ గార్నెట్. ఆమె చిత్తరువు ఒకటి వేయించారు. థామస్ బార్బర్ గీసిన ఆ చిత్రంలో ఆమె చేతిలో ఇంట్లోని బొమ్మల జాబితా పుస్తకం పట్టుకుని వుంటుంది. ఈ ఒక్క చిత్రానికి నేను గౌరవమిస్తాను. వందల ఏళ్లుగా ఎందరో చేతులు పనిచేసిన ఇంట్లో ఒక పనిమనిషికి ముఖం దక్కింది. అయితే ఆ ముఖం ఏ పని చేస్తూ దక్కింది? యజమాని ఆస్తిని వచ్చినవాళ్లకు వర్ణించి చెబుతూ. స్తంభం నునుపు చేసినవాడికి చిత్తరువు లేదు. స్తంభం గొప్పదని చెప్పినామెకు వుంది. మన సాహిత్యంలోనూ ఇదే జరిగింది. ప్రబంధాల్లో దాసీలు కనపడేది నాయిక అందం పొగడడానికే.

అయినా తెలంగాణ గడీల్లో వెట్టిచేసిన మనిషి బొమ్మ ఒక్కటి కూడా నేను చూడలేదు. దొర బొమ్మ వుంటుంది, దొర వేటాడిన పులి తల వుంటుంది. మిసెస్ గార్నెట్‌కు దక్కిన ఆ కాస్త కూడా మన అవ్వలకు దక్కలేదు. ఎందుకు? ఆమె చేయి ఇంట్లో ప్రతి వస్తువునూ ముట్టుకోవచ్చు. ఆమె కింది తరగతి మనిషే గానీ మైల మనిషి కాదు. ఇక్కడ తాకకూడని మనిషిని గీయడానికి కూడా చేతులు రాలేదు.

5

ఇప్పుడు ఈ ఇల్లు సముద్రం దాటిన కథ. 1799లో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కలకత్తాలో తనకు తగిన భవనం వుండాలన్నాడు. కంపెనీ ఇంజనీరు చార్లెస్ వ్యాట్ కెడిల్‌స్టన్ నమూనానే తీసుకున్నాడు. 1803కి గవర్నమెంట్ హౌస్ పూర్తయింది. స్వాతంత్ర్యం తర్వాత రాజ్‌భవన్ అని పిలిచినది దాన్నే. డెర్బీషైర్‌లో రెండు దగ్గరే ఆగిపోయిన మూల భవనాలు కలకత్తాలో నాలుగూ లేచాయి. ఇంగ్లండులో తన సొంత భూమి మీద ప్రభువు పూర్తిచేయించలేని పటాన్ని, వలస దేశపు సొమ్ముతో కంపెనీ పూర్తిచేయించింది. సామ్రాజ్యం అంటే ఏమిటని విద్యార్థులు అడిగితే ఈ రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూపించవచ్చు.

హైదరాబాదులో కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. 1798లో నిజాంతో సైన్య సహకార ఒప్పందం చేయించినవాడు. 1800 ఒప్పందంతో బళ్లారి, కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాలు కంపెనీకి పోయాయి. దత్తమండలాలు అని మనం చదువుకున్నవి అవే. ఆ వెంటనే మూసీ ఒడ్డున రెసిడెన్సీ లేచింది. పటం మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్‌ది. ఖర్చు నిజాముది. ఇది కెడిల్‌స్టన్‌కు నకలు కాదు. కానీ అదే పల్లాడియన్ కుటుంబానికి చెందినది. అదే కోరింథియన్ స్తంభాల మండపం, అదే పెద్ద మెట్ల వరస, మెట్లకు అటూఇటూ సింహాలు, మండపం నెత్తిన కంపెనీ చిహ్నం.

దారిలో ఒక మార్పు జరిగింది. అక్కడి రాయి ఇక్కడ రాయి కాలేదు. కలకత్తాలోనూ కోఠీలోనూ ఇటుక పేర్చి, మీద గచ్చు పూసి, నునుపుతేల్చి రాయిలా కనపడేట్టు చేశారు. దక్కనులో రాయికి కరువా? చుట్టూ నల్లరాతి గుట్టలే. కానీ రోము స్తంభం వంపులు తొందరగా తేలాలంటే సున్నమే దారి. సున్నం గానుగలో తిప్పడం, రోజుల తరబడి నానబెట్టడం, బెల్లమో కరక్కాయో కలిపి మెత్తగా నూరడం, తడి ఆరకముందే రాళ్లతో రుద్ది మెరుగు తేవడం. ఇది ఈ నేల పనితనం. అంటే ఆ తెల్లదొరల రాతి గొప్పతనం ఇక్కడ నిలబడినది మనవాళ్ల చేతి నునుపు మీద. వాస్తు చరిత్రలో రస్సెల్ పేరుంది. ఆ గచ్చు నూరిన చేతుల పేర్లు ఎక్కడా లేవు.

రెసిడెన్సీ గురించి ఇవాళ ఎవరు మాట్లాడినా కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమకథ చెబుతారు. 2002లో వచ్చిన డాల్రింపుల్ 'వైట్ మొఘల్స్' తర్వాత ఇంకా ఎక్కువైంది. ఆ కథ నిజమే, ఆమె కష్టమూ నిజమే. కానీ దొరకూ నవాబుల బిడ్డకూ మధ్య నడిచిన కథ చెప్పుకుంటే ఆ భవనం మొత్తం ఇద్దరిదే అయిపోతుంది. మిగతావాళ్లు మళ్లీ 'ఇంచు'లోకి పోతారు.

6

జార్జ్ నెతానియల్ కర్జన్ 1859లో కెడిల్‌స్టన్‌లో పుట్టాడు. కలకత్తా గవర్నమెంట్ హౌస్ తన ఇంటిని పోలివుండడమే తనకు వైస్రాయి కావాలన్న కోరికను లేపిందని ఆయనే చెప్పుకున్నాడు. 1899లో ఆ కోరిక తీరింది. ఒక ఇంటి నకలులోకి ఆ ఇంటి అసలు వారసుడు వచ్చి కూర్చున్నాడు. కర్జన్లు పట్టినది కర్జన్లే పట్టివుండాలి.

కర్జన్ పేరు చెబితే జాతీయవాదులకు 1905 బెంగాల్ విభజన గుర్తొస్తుంది. పురావస్తుశాఖవాళ్లకు 1904 ప్రాచీన కట్టడాల రక్షణ చట్టం గుర్తొస్తుంది. దళితులకు గుర్తుండాల్సినది 1901 జనగణన. కమిషనర్ హెచ్.హెచ్. రిస్లీ. కులాలను సామాజిక మర్యాద ప్రకారం పైనుంచి కిందికి పేర్చమన్నాడు. ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగుతారు, ఏ బ్రాహ్మణుడు ఎవరికి పౌరోహిత్యం చేస్తాడు అన్నవి కొలబద్దలయ్యాయి. ఎవరి మాట విని పేర్చారు? చదువుకున్న అగ్రకులాల మాట విని. ఇంగ్లండులో ఇంటికీ ఊరికీ మధ్య హాహా తవ్వించిన చూపు, ఇక్కడ మనువు అంతకుముందే తవ్విపెట్టిన కందకాన్ని కొలతలు తీసి పటంలో ఎక్కించింది. పైన నేను రెండు చూపులు కలుసుకున్నాయన్నది ఇక్కడే. కులాన్ని తెల్లవాళ్లు పుట్టించారని ఈమధ్య కొందరు అగ్రకుల పండితులు అంటున్నారు. పుట్టించలేదు. సర్వే చేశారు. సర్వే చేసినవాడు పొలం సృష్టించడు. కానీ హద్దురాయి పాతుతాడు.

కర్జన్ తూర్పు దేశాల నుంచి తెచ్చుకున్న వస్తువులతో కెడిల్‌స్టన్‌లో ఒక మ్యూజియం వుంది. ఆయన భార్య మేరీ 1903 ఢిల్లీ దర్బారులో కట్టుకున్న నెమలి గౌను కూడా ఆ ఇంట్లోనే వుంది. నెమలికన్నుల నడుమ పురుగు రెక్కలు పెట్టి, లోహపు తీగతో కుట్టినది ఇక్కడి పనివాళ్లు. గౌనుగా కూర్చినది పారిస్‌లో వర్త్ కంపెనీ. గౌను అందరూ చూస్తారు. సూది పట్టినవాళ్లు మళ్లీ 'కుట్టించారు'లోనే.

ఈ ఇల్లు 1987లో నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. 2020లో ఆ ట్రస్టు తన ఆస్తుల్లో 93 చోట్లకు వలసపాలనతోనూ బానిస వ్యాపారంతోనూ వున్న సంబంధాలను చెబుతూ ఒక నివేదిక వేసింది. కెడిల్‌స్టన్ అందులో వుంది. ఇంగ్లండులో పెద్ద రగడ అయ్యింది. మా ముత్తాతల ఇళ్లకు మసి పూస్తారా అని పత్రికల్లోనూ పార్లమెంటులోనూ కేకలు. మనవాళ్లు ఇక్కడ కూర్చుని చప్పట్లు కొట్టారు. బాగానే వుంది. కానీ ఆ చప్పట్లు కొట్టిన చేతులే గడీలను 'వారసత్వ కట్టడాలు' అని పొగుడుతూ వ్యాసాలు రాస్తాయి. గడీ చెక్కతలుపు నగిషీ గురించి పేజీలు నింపినవాళ్లు ఆ తలుపు ముందు చెప్పులు చేత పట్టుకుని నిలబడినవాళ్ల గురించి ఒక్క వాక్యం రాయరు. తెల్లవాడి ఇల్లయితే దోపిడీ, మనవాడి ఇల్లయితే సంస్కృతి. ఈ రెండు నాల్కల విమర్శ మాకు వద్దు. కెడిల్‌స్టన్‌ను ఏ కళ్లతో చూస్తున్నారో విసునూరు గడీని కూడా ఆ కళ్లతో చూడండి.

7

విసునూరు పేరు ఊరికే తేలేదు. హైదరాబాదు రెసిడెన్సీలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది. కోఠీ ఉమెన్స్ కాలేజీ అని మనందరికీ తెలిసిన చదువుల ఇల్లు. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి, కౌలు చేసుకున్న భూమినీ పండించిన పంటనూ నిలబెట్టుకున్న తల్లి. వెట్టి అడిగిన గడీకి ఎదురు నిలిచిన సేవాకులపు ఆడమనిషి.

అంటే కెడిల్‌స్టన్ నుంచి బయలుదేరిన ఒక వాస్తు కుటుంబం చివరికి చాకలి ఐలమ్మ పేరు కిందికి వచ్చి నిలబడింది. చరిత్ర ఇంతటి మలుపు తిరగడం మామూలు సంగతి కాదు. ఇది గెలుపే. కానీ పేరుబోర్డు దగ్గర ఆగిపోతే సగం గెలుపే. ఐలమ్మ పేరు మీద నడిచే చోట ఆ భవనం చరిత్ర మాత్రం ఇంకా కిర్క్‌పాట్రిక్, రస్సెల్, నిజాం అనే చెబితే, ఆమె పేరు కూడా మండపం నెత్తిన మరో చిహ్నంగా మిగిలిపోతుంది. కెడిల్‌స్టన్‌లో ఊరును లేపేసి చర్చిని వుంచినట్టు, ఇక్కడ మనుషుల్ని లేపేసి పేరును వుంచినట్టవుతుంది.

చేయాల్సిన పనులున్నాయి. వాస్తు చరిత్ర చెప్పే తరగతుల్లో భవనం పటం పక్కనే పని పటం గీయాలి. రాయి ఎక్కడిది, సున్నం ఎవరు నూరారు, నీళ్లు ఎవరు మోశారు, మరుగుదొడ్డి ఎవరు ఎత్తారు, ఎవరు ఏ దారిన వచ్చారు, ఏ గుమ్మం దగ్గర ఆగారు. మరమ్మత్తుల్లో పాత గచ్చు పని మళ్లీ చేసిన మేస్త్రీల పేర్లు, కూలీల పేర్లు, ఆడవాళ్లతో సహా, గోడమీద రాయాలి. దాతల పేర్లకు చోటున్నప్పుడు వీళ్ల పేర్లకు చోటు లేకపోవడం వుండదు. వాడల్లో ఇంకా బతికున్న తాపీపనివాళ్లు, రాళ్లు కొట్టిన వడ్డెర పెద్దలు, గడీల్లో వెట్టి చేసిన ముసలివాళ్లు చెప్పేది మన పరిశోధక విద్యార్థులు రికార్డు చేయాలి. ఆ తరం ఎక్కువ రోజులు మనకోసం ఆగదు.

ఈ భవనాలను కూలగొట్టమని ఎవరూ అనడంలేదు. ఆ రాయీ ఆ గచ్చూ మావి. అందులో చెమట మాది. కూలగొడితే మా పెద్దల చేతిపని కూడా కూలుతుంది. మేము అడిగేది వాటిని మా భాషలో చదవనివ్వమని. మా భాషలో ఏ ఇల్లూ తనంతట తాను లేవలేదు, ఏ ప్రభువూ ఏదీ కట్టలేదు. కట్టించాడు. కట్టినవాళ్లు వేరే వున్నారు.